ఇరవై నిమిషాల ఎత్తు

“గీ ఒక్క ఆట ఓడిందంటే చెస్ బోర్డు అటకెక్కుతది. మల్ల దించేది లేదు!”

మేడ్చల్ స్కూలు హాల్లో గోడవారగా నిలబడి మధుసూదన్ గుసగుసగానే గర్జించాడు. అత్వెల్లిలో ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లను ఎండలో వదిలేసి, కూతురు రక్షితను ఇంటికి లాక్కుపోదామని వచ్చాడాయన.

కోచ్ సిద్దిరాములు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. “జర ఆగన్నా! ఆఖరి రౌండు. గెలిస్తే జిల్లా టీంల ఉంటది.”

మూడో బల్ల దగ్గర రక్షితకు ఎదురుగా మచ్చ బొల్లారం పిల్లాడు ప్రవీణ్ కూర్చున్నాడు. ఎత్తుకు పట్టే టైము కొలిచే గడియారాలు మొదటి రెండు బల్లలకే సరిపోయాయి. వీళ్లు ఎంతసేపు ఆలోచించినా అడిగేవాళ్లు లేరు.

“బిడ్డ సిసీలియన్ డిఫెన్సుల డ్రాగన్ ఆడుతాంది,” అన్నాడు సిద్దిరాములు మురిసిపోతూ.

“అంటే?”

“పేరుకే డిఫెన్సు. ఇటు నుంచి ఈమె, అటు నుంచి ఆయన, ఇద్దరూ ఎదుటి రాజు మీదికే ఉరుకుతరు. ఒక్క ఎత్తు తప్పిండ్రా, ఖతం!”

మధుసూదన్‌కు ఏనుగేదో గుర్రమేదో తెలియదు. ఖతం మాత్రం బాగా అర్థమైంది. ఇంక అక్కణ్ణుంచి కదల్లేదు.

ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ప్రవీణ్ జుట్టు పీక్కుంటున్నాడు. రక్షిత జడ కొస నములుతోంది. ఇద్దరి కళ్లూ బోర్డు మీదే. ఆటలైపోయిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. దగ్గొచ్చినవాడు బయటికెళ్లి దగ్గి వచ్చాడు.

“అబ్బ! ఎంత లోతుకు పోతాండ్రే!” అన్నాడు సిద్దిరాములు.

మధుసూదన్ ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఇంట్లో అన్నం తినడానికి కూడా రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల! ఇంక ఉండబట్టలేక అందరూ వినేలా అనేశాడు.

“సారూ, నా బిడ్డకు గింత దిమాగున్నదని నాకెరుకనే లేదు. ఓడనీ, గెలవనీ, ఇగ ఆట బంద్ చేపిచ్చేది లేదు. నా మాట మాటే!”

అందరూ “ష్ ష్” అన్నారు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఇరవయ్యో నిమిషంలో రిఫరీ వినోద టీచర్ వచ్చింది. “మస్తు సేపాయె. ఎవరిదమ్మా ఎత్తు? జల్దీ ఆడుండ్రి.”

“ప్రవీణ్‌ది టీచర్,” అంది రక్షిత.

ప్రవీణ్ ఉలిక్కిపడి తలెత్తాడు.

“నాదా? నువ్వెప్పుడు ఆడుతవా అనే గదా గింతసేపు చూస్తున్న!”