వీపు మీద పట్టీ

పద్మలత వీపు మీద, కుడి రెక్క కింద, అగ్గిపెట్టెంత పట్టీ ఒకటి అతుక్కుని ఉంది.

దాన్ని రోజూ పొద్దున మొగుడు శేఖర్ అంటిస్తాడు. నిన్నటిది పీకేసి, కొత్తదాన్ని కొత్త చోట పెట్టి, అరచేత్తో కాసేపు ఒత్తి పట్టుకుంటాడు. ఆ తర్వాత పవర్‌లూమ్ షెడ్డుకు పోతాడు.

మాత్రలు ఇస్తే మింగినట్టే చేసి, పెరట్లోకి పోయి ఉమ్మేసేది. అందుకని డాక్టరమ్మ ఇది రాసింది. తడి ఉండొద్దు, నూనె తగలొద్దు, వేడి అసలే తగలొద్దు అని మరీ మరీ చెప్పింది.

"అవ్వకు వీపు నొప్పి పట్టీ అని చెప్పిన," అన్నాడు శేఖర్ మొదటిరోజు. "దిమాగ్ మందు అంటె గల్లీ అంత ఆగమాగం జేస్తది."

వాళ్లమ్మ లింగమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? కొత్తవాడలో గుంటమగ్గం మీద జంపఖానాలు నేసే ఆడవాళ్లలో వీపు నొప్పి లేనిదెవరికి?

వాళ్లింటి మగ్గం ఇద్దరు కూర్చునే మగ్గం. అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చుని నేసేవాళ్లు. ఇద్దరి మధ్య జానెడు సందులో పద్మలత కూతురు మహిత ఇరుక్కుని, తెగిన దారప్పోగులతో బొమ్మకు జడలు వేసేది.

మహితకు ఇంకా ఆరేళ్లు నిండలేదు. నిరుడు వానల్లో జ్వరం వచ్చింది. సిరప్ పట్టి పడుకోబెట్టి, మర్నాడు ఇవ్వాల్సిన జంపఖానా కోసం అత్తాకోడళ్లిద్దరూ మగ్గం మీద కూర్చున్నారు. సాయంత్రానికి పిల్ల ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందని సంబరపడ్డారు కూడా.

డెంగీ అని దవాఖానలో చెప్పేసరికి చెయ్యి దాటిపోయింది.

దినాలు కాకముందే లింగమ్మ నోరు జారింది. "నీకు పిల్లకంటె మగ్గమే ఎక్కువాయె."

ఆ మాట అత్త వెనక్కి తీసుకోలేదు. కోడలు మళ్లీ మగ్గం వైపు చూడలేదు. ఏడాదిగా ఒకే కప్పు కింద ఉంటూ ఇద్దరికీ మాటల్లేవు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోయడానికి మధ్యలో శేఖర్ ఉన్నాడు పాపం.

పట్టీ మొదలుపెట్టిన కొన్నాళ్లకు పద్మలతకు ఆకలి తెలిసింది. పీకిన చోటల్లా ఎర్రగా చదరం మిగిలి దురద పుట్టేది. ఒకరోజు పక్కింటి టీవీలో ఎవరో అన్న మాటకు నవ్వొచ్చింది. నవ్వినందుకు పొద్దుగూకేదాకా ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, పొయ్యి మీద ఉప్పు చిటపటమంటున్న చప్పుడు వినబడింది. లింగమ్మ రోజూ మోకాళ్లకు పెట్టుకునే కాపడం అది. ఈసారి అడుగులు ఇటువైపు వచ్చాయి.

"జర బోర్ల పండుకో," అంది అత్త. "గా పట్టీలతోని ఏం నొప్పి పోతది?"

ఏడాది తర్వాత అత్త నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అది.

వేడి తగలొద్దన్నారని చెప్పడానికి పద్మలత తల తిప్పింది. అత్త చేతిలోని ఉప్పు మూట కనబడింది.

పసుపుపచ్చ గుడ్డ. దాని మీద తెల్ల బాతులు.

మహిత గౌను అది. పిల్ల బట్ట ఒక్కటి కూడా ఇంట్లో ఉండొద్దని, అన్నీ ఏరి వాగులో వదిలిపెట్టించింది లింగమ్మే. ఇదొక్కటి దాచుకుంది. మోకాళ్ల నొప్పులని చెప్పి రోజూ దీన్నే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోందన్నమాట.

పద్మలత రవిక పైకి జరుపుకుంది. బోర్లా పడుకుంది.

వేడి వీపంతా పాకింది, పట్టీ మీద కూడా. చర్మం చురచురమంటున్నా ఆగమనలేదు. గుడ్డలో పిల్ల వాసన ఏమైనా మిగిలి ఉందేమోనని గట్టిగా ఊపిరి పీల్చింది. వేగిన ఉప్పు వాసనే వచ్చింది.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది అత్తమ్మా. ఇంకొద్దిసేపు పెట్టు."

దీపాలు పెట్టే వేళకు లేవబోయి, కళ్లు తిరిగి గడపలో పడిపోయింది. లింగమ్మ కేకలకు పక్కింటివాళ్లు వచ్చి ఆటోలో ఎక్కించారు.

దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి కంగారుపడింది. "పట్టీ మీద వేడి ఏమైనా పెట్టారా? వేడికి మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ప్రాణం మీదికొస్తుంది."

"వీపు నొప్పి పట్టీయే గద డాక్టరమ్మా?" అంది లింగమ్మ.

"నొప్పికి కాదమ్మా. బిడ్డ పోయిన దిగులుకు."

లింగమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో చెప్పబోయింది.

"ఎండల కూసున్న మేడమ్," అంది పద్మలత, మంచం మీంచే. "చానాసేపు కూసున్న. నాదే తప్పు."

లింగమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

కొన్నాళ్లు ఆపి, మళ్లీ పట్టీ మొదలుపెట్టమన్నారు. ఆ పొద్దున శేఖర్ కవరు చింపుతుంటే లింగమ్మ వచ్చి చెయ్యి చాపింది.

"నువ్వు పో, షెడ్డుకు ఆల్చమైతాంది. నేను పెడ్త."

చేతులు కడుక్కుంది. కొంగుతో తడి లేకుండా తుడుచుకుంది. కోడలి వీపు మీద మానుతున్న ఎర్ర చదరాలను వేలితో తడిమి, వాటికి దూరంగా చోటు చూసి అంటించింది. అరచేత్తో ఒత్తి పట్టుకుంది. శేఖర్ వెళ్లిపోయాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు.

"బిడ్డా," అంది.

"ఏందత్తమ్మా?"

"గిది ముసలోళ్లకు గూడ ఇస్తరా?"