రాయి కడిగిన నీళ్లు

అత్తగారు ఇంకా ప్రాణం బిగబట్టుకుని ఉన్నది ఆ నీళ్ల కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

“నీ సాలగ్రామం కడిగిన నీళ్లు రెండు చుక్కలు పొయ్యవే జసమాయా,” అంది ముసలామె. మూడు రోజులుగా ఇదే మాట.

జసమాయ విననట్టు పొయ్యిలోకి పిడక తోసింది.

నేపాల్ కొండల్లోని జోమ్‌సోమ్‌లో ఆమె భక్తి తెలియనివాళ్లు లేరు. రోజూ పొద్దున్నే, గాలి లేవకముందే ఆ నల్లరాయిని కాళీగండకి ఏటి ఒడ్డుకు తీసుకెళ్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో విరిగి వంకరగా అతికిన వేళ్లతోనే బూడిద పెట్టి తోమి తోమి కడుగుతుంది. పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. తీర్థం మాత్రం ఎవరికీ పెట్టదు. ముక్తినాథ్ యాత్రికులు చెయ్యి చాపినా శాలువ చాటున దాచేస్తుంది.

ఏరు పొంగిన ఏడాది మొగుడు నందప్రసాద్ కొట్టుకుపోయాడు. ఆ దిగులుతోనే ఇలా అయిందని ఊరు సరిపెట్టుకుంది.

మరిది చంద్రమాన్ పోఖరా కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెబుతాడు. తల్లి కోసం వచ్చాడు. వదిన చేతికివ్వకపోతే దూరం నుంచే రాయిని చూశాడు.

“లోపల చుట్ట తిరిగిన ప్రాణి ఉంటుంది వదినా. ఇక్కడంతా సముద్రం ఉన్నప్పటిది. చచ్చి, బురదలో పూడి, రాయైపోయింది.”

“చచ్చినదాని గుర్తు అంతకాలం ఉంటుందా?”

“కోట్ల ఏళ్లు.”

“నీళ్లలో అరగదా?”

“పైపైన అరుగుతుంది. లోపలిది ఎక్కడికి పోతుంది?”

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నం గాలి లేచేసరికి ముసలామెకు ఎగశ్వాస మొదలైంది.

“పోయే మనిషి నోట్లో పొయ్యడానికి కూడా చేతులు రావా వదినా?” అన్నాడు చంద్రమాన్.

జసమాయ లేచి, కుండలో నీళ్లు ముంచి తెచ్చి అత్తగారి పెదవులు తడిపింది.

ముసలామె ఉమ్మేసింది. “ఇవి కావు.”

అందరినీ బయటికి పొమ్మని సైగ చేసింది. తలుపు పడ్డాక జసమాయ రాయిని గిన్నెలో ఉంచి నీళ్లు పోసింది.

“వద్దత్తా. నీకు దండం పెడతాను. ఇది తాగకు.”

ముసలామె ఆమె మణికట్టు పట్టుకుని గిన్నెను తన నోటి దగ్గరికి లాక్కుంది.

“పొయ్యవే, ఆ రాయితో నువ్వు నా కొడుకు నెత్తిన కొట్టినప్పుడు డాబా మీంచి చూస్తూ కూడా నోరెత్తని తల్లిని నేను.”