వెండి వయసు

"మళ్లీ నల్లబడినాయా? ఇట్లియ్యండి, రుద్ది ఇస్తాను." దేవుడి వెండి గిన్నెలు తోముతున్న రంగనాయకి నామం సుద్దతో లేచింది.

ఆమె భర్త, రిటైరైన చరిత్ర మేష్టారు యతిరాజులు కొయ్యపెట్టెకు చెయ్యి అడ్డం పెట్టాడు. తాను ఏరి దాచుకున్న పాతకాలపు వెండి నాణేల అంచుల్లో తేనెరంగు దిగుతోంది.

"వద్దు. ఆ నలుపే వాటి వయసు. ఇప్పుడిప్పుడే తిరిగొస్తా ఉండాది."

ఆమె ఆగిపోయింది. "అయితే మీరు రిటైరైనప్పుడు నేను తోమింది తప్పా?"

ఆయన ఒక నాణేన్ని అంచులు పట్టుకుని సరిచేసి పెట్టాడు.

"అందుకేనా, అప్పటి నుంచి చూసేదానికి ఎవరొచ్చినా కండ్లు ఆనవని సాకు చెప్పి పెట్టె తీయనిది?"

"మెరిసేటట్టు తోమి, అంత సంబరంగా తెచ్చి చూపిస్తివే. నీకేం చెప్పేది?"

"మొత్తం మునుపటి రంగు రావాలంటే?"

"మనం చూడంలే."

రంగనాయకి సుద్ద కింద పెట్టి, వేళ్లు నాణేలకు తగలకుండా కొంగుతో పెట్టె మూసింది.