పద్నాలుగు కిలోమీటర్లు

"తాళాలు ఇటియ్యి నాన్నా," అంది నెరిడా చెయ్యి చాపి.

క్లారీ తాళాలు చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టేశాడు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయి ఐదు నెలలైంది.

"పగలు నడపొద్దన్నానా? చీకటి పడ్డాక వద్దంటున్నాను. పెర్త్‌లో ఏం చేశావో మర్చిపోయావా?"

మర్చిపోయే సంగతి కాదది. ఆపరేషనైన రెండో నెలలో కూతురింటికి వెళ్ళి, రాత్రి పూట నడిరోడ్డు మీద కారు ఆపేసి, రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. ఎదురొచ్చే ప్రతి లైటూ ముళ్ళ బంతిలా విచ్చుకుంది. దాని వెనక రోడ్డన్నదే కనిపించలేదు. డాక్టరు మాత్రం బోర్డు మీద అక్షరాలన్నీ చదివించి, చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. రాత్రి లైట్లు కొందరికి అలా చెదురుతాయట. కొందరికి సర్దుకుంటుందట, కొందరికి సర్దుకోదట. ఆ మాత్రం చెప్పడానికి డాక్టరే కావాలా?

"అది అప్పుడు. ఇప్పుడు సర్దుకుంది," అన్నాడు క్లారీ. "మూణ్ణెల్లుగా ప్రతి శుక్రవారం ఈ క్లబ్బు నుంచి చీకటి పడ్డాకే ఇంటికి పోతున్నాను. ఒక్క లైటు నా కంట్లో పొడిస్తే ఒట్టు. కావాలంటే డీని అడుగు."

బారు వెనక గ్లాసులు తుడుస్తున్న డీ తలెత్తింది. "తండ్రీకూతుళ్ళ మధ్యలో నన్నెందుకు ఇరికిస్తావు క్లారీ? గుంటలో పడ్డావనైతే ఎప్పుడూ వినలేదు."

"విన్నావా?" అన్నాడు క్లారీ కూతురితో.

తాళాలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. బండి లేకుండా పొలంలో ఒక్కడివీ ఎలా ఉంటావంటుంది. ఊళ్ళో ఆసుపత్రి వెనక ముసలివాళ్ళకు కట్టిన ఒంటిగది ఇళ్ళలో ఒకటి చూసిపెట్టింది కూడా. ముప్ఫై ఏళ్ళు పైసా జీతం లేకుండా ఆ ఊరి అంబులెన్స్ నడిపాడాయన. ఊళ్ళో సగం మంది ఆయన వెనకాల పడుకునే ఆసుపత్రికి వెళ్ళారు. ముగ్గురైతే దారిలోనే పుట్టారు. అలాంటివాడు ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని, పోయే బళ్ళు లెక్కపెట్టుకోవాలా? చస్తే కూర్చోడు.

"పందెం వేసుకుందాం," అన్నాడు. "ఇంటిదాకా పద్నాలుగు కిలోమీటర్లూ నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో. ఎదురొచ్చిన ఒక్క లైటుకు తడబడ్డానా, అక్కడే ఆపి తాళాలు నీ చేతిలో పెడతాను. రేపే ఆ గదికి మారతాను. తడబడకపోతే మాత్రం నువ్వు మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

"కోతల రోజులు నాన్నా. దారి నిండా గోధుమ లారీలుంటాయి."

"ఉండనీ. నాకేం భయమా?"

నెరిడా ఒప్పుకుంది. నాలుగు లారీలు ఎదురొస్తే ఆయనకే తెలిసొస్తుంది, తను నోరు నొప్పి పుట్టించుకోవక్కర్లేదు అనుకుంది. మనసులో ఆ పందెం అప్పుడే గెలిచేసింది.

క్లబ్బులో శుక్రవారం శుక్రవారం మాంసం పళ్ళేలు బహుమతిగా పెట్టే లాటరీ తీశారు. క్లారీకి ఒక పళ్ళెం సాసేజీలు తగిలాయి. డీ వాటిని కాగితంలో చుట్టి ఇస్తూ గోడ గడియారం చూసింది.

"బయల్దేరేది ఏడున్నరకేగా?"

"శుక్రవారం నేనెప్పుడు టైం తప్పాను?"

డీ లోపలి గదిలోకి వెళ్ళింది. వైర్‌లెస్ గరగరమంది. కోతలప్పుడు పొలాల్లో, లారీల్లో ఉన్నవాళ్ళకు భోజనాల కబురు అందులోనే పోతుంది.

బండెక్కాక నెరిడా డాష్‌బోర్డు కేసి చూసి, "నీ వైర్‌లెస్ ఏది?" అని అడిగింది.

"పాడైందని డీ మొగుడు పట్టుకెళ్ళాడు. మూణ్ణెల్లుగా ఇవాళ, రేపు అంటున్నాడు. వట్టి బద్ధకం మనిషి."

క్లారీ బండిని రోడ్డెక్కించాడు. బండి గీత తప్పలేదు, మాట తగ్గలేదు. ఏ పొలంలో ఎన్ని బస్తాలు పండాయో, ఎవరి కంచె ఎక్కడ తెగిందో చెప్పుకుంటూ పోతున్నాడు. ఎదురొచ్చేవాళ్ళను పలకరించడానికి చూపుడువేలు స్టీరింగు మీద సిద్ధంగా ఉంది. దాన్ని ఎత్తే పనే పడలేదు.

ఐదు కిలోమీటర్లయ్యాయి. తొమ్మిదయ్యాయి. నెరిడా ముందుకు వంగి చీకట్లోకి చూసింది.

"ఇదేంటి, ఒక్క లారీ లేదు?"

"గింజకు తేమ ఎక్కి ఉంటుంది. తేమ గింజ గోదాములో తీసుకోరు."

"పొద్దుట్నుంచీ వేడిగాలి కొడుతుంటే తేమేంటి నాన్నా?"

"అయితే తింటున్నారేమో. నీకు లారీ కావాలా, ఇల్లు కావాలా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. పదమూడో కిలోమీటరు దగ్గర కూడా కళ్ళు రోడ్డు మీదే పెట్టుకుని కూర్చుంది.

క్లారీ గేటు దాటించి, వాకిట్లో బండి ఆపాడు. "చెప్పు. తడబడ్డానా?"

"లైటే రాలేదుగా."

"రాకపోతే నా తప్పా? ప్రతి శుక్రవారం ఇంతే. మీ ఊళ్ళోలా పిచ్చి లైట్లు వేసుకుని మీద పడేవాళ్ళు ఇక్కడ లేరు."

నెరిడా సీటు బెల్టు విప్పుకుంది. ఇంత నిక్కచ్చిగా నడిపిన మనిషిని ఏమని ఆపుతుంది? పెర్త్ భయం పెర్త్‌దే కాబోలు.

"సరే నాన్నా. గెలిచావు. ఆ గది వద్దని సోమవారం చెప్పేస్తాను."

క్లారీకి గుండె నిండిపోయింది. పైకి మాత్రం, "సాసేజీలు నువ్వు వేయించు, ఉల్లిపాయలు నేను కోస్తాను," అని, కూతురి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

అప్పుడు, ఆ దారి పొడవునా పొలాల్లోకి దిగి లైట్లార్పుకుని ఆగిన పదిహేడు లారీలు ఒక్కొక్కటే రోడ్డెక్కాయి.