తాళం తప్పని గాయని

పాడే యంత్రాలు ఇంటింటికీ వచ్చేశాక, కాకినాడ సత్తిరాజు మనుషులతోనే కచేరీలు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం లలితాంబ గంటసేపు ఒక్క స్వరం తప్పకుండా పాడింది. ముందువరసలో ఒకాయన లేచాడు.

"ఏవండీ సత్తిరాజు గారూ, మిషన్ని తెచ్చి మనిషంటారేంటండీ!"

సగం హాలు లేచింది. సత్తిరాజు వేదిక మీదికి పరుగెత్తాడు.

"అమ్మా, ఒక్కచోట తాళం తప్పండి. లేకపోతే నన్నింకెవరూ నమ్మరు."

లలితాంబ పాట ఆపింది. మైకు పనిచేస్తూనే ఉంది.

"నలభై ఏళ్లు సాధన చేసింది తప్పడానికా? నువ్వే పాడు, ఆ పనికి నీ గొంతు చాలు!"

"నేను పాడితే కూర్చున్నోళ్లూ పోతారండీ!"

"పోతే పోనీ! కాఫీ చల్లారబెట్టి ఇచ్చినప్పుడే అనుకున్నా, నీ కచేరీ ఇంతేనని!"

లేచినవాళ్లంతా కూర్చున్నారు. ముందువరస ఆయన చప్పట్లు కొట్టి అరిచాడు.

"వన్స్‌మోర్!"