లోపలికే దారి

అర్జీలు లోపలికి వస్తున్నాయి. బయటికి పోవడం లేదు.

చర్ల వైపు అడవి దారిలో ఉన్న ఆ సర్కారు ఆఫీసులో ఏడాదిగా ఇదే తంతు. పల్లెల వాళ్లు వచ్చి గోడు చెప్పుకుంటారు. కంప్యూటర్ ఆపరేటర్ జస్టిన్ టైపు చేస్తాడు. ఆఫీసులోని సర్వర్ దాన్ని ఖమ్మం పంపాలి. పంపదు. 'కనెక్షన్ విఫలమైంది' అని తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి.

ఆఫీసరుగారు పట్టించుకోలేదంటే కళ్లు పోతాయి. టవర్‌ని తిట్టారు. కోతుల్ని తిట్టారు. గోదావరి గాలిని కూడా వదల్లేదు. సర్వర్ చల్లగా ఉండాలని సర్కారు పంపిన ఏసీని తన గదిలో బిగించుకుని, సర్వర్‌కి దిష్టి తగలకుండా నిమ్మకాయ కట్టించారు. ఇంజనీరును పిలవడం ఒక్కటే మరిచిపోయారు.

ఎర్రమ్మ ప్రతి సోమవారం వస్తుంది. ఆమెకు మూడెకరాల పోడు ఉంది. మొగుడు చనిపోయాక ఆ భూమికి పట్టా ఇంకెవరి పేరునో వచ్చింది. వానలు పడేలోపు ఖమ్మం నుంచి ఎవరైనా వచ్చి చూడకపోతే, ఈ ఏడు ఆ చేలో వేరేవాళ్ల అరక దిగుతుంది.

"నా కాయితం పోయిందా సారూ?"

"దారిలో ఉందమ్మా. అడవి కదా, నెమ్మదిగా వెళ్తుంది," అంటారు ఆఫీసరుగారు. ఎంత తియ్యగా అంటారంటే, విన్నవాళ్లకు చీమలు పట్టాలి.

అంత నిదానస్తుడు పోయిన గురువారం నుంచి కాళ్లలో నిప్పులు పోసుకున్నట్టు తిరుగుతున్నారు. రెండు వేల తొమ్మిది సంవత్సరానికి జిల్లా ఉత్తమ అధికారి అవార్డు ఇస్తారట. ఆయన తన పేరు తానే ప్రతిపాదించుకున్నారు. తీరా చూస్తే దాన్ని కూడా, అర్జీలు పంపే ఇదే కంప్యూటర్ అప్లికేషన్‌లోంచి పంపాలి. సోమవారం సాయంత్రం ఐదుకు గడువు. మొదటిసారి ఆ ఎర్ర అక్షరాలు ఆయన కంట్లో పడ్డాయి.

సోమవారం మొదటి బస్సుకే ఖమ్మం నుంచి ఇంజనీరు మహిమ దిగింది. రెండు గంటలు సర్వర్ ముందు కూర్చుంది.

"కేబుల్ మంచిగనే ఉంది సార్. మోడెం మంచిగనే ఉంది. నేను చేత్తో పంపితే ఖమ్మం పోతుంది. అప్లికేషన్ పంపితేనే గడప దాటుతలేదు."

"అదేం విడ్డూరం?"

"సిస్టమ్ లోపల ఒక కాపలా ఉంటది. మీ చెక్‌పోస్టు లెక్కనే. వచ్చేటోళ్లను రానిస్తుంది, ఈ అప్లికేషన్‌ను మాత్రం బయటికి పోనిస్తలేదు. దానంతట అది గట్ల కాదు సార్. పోయిన జూన్‌ల ఎవరో కావాలనే పెట్టిన్రు."

ఆఫీసరుగారు గిర్రున జస్టిన్ వైపు తిరిగారు. జస్టిన్ కాంట్రాక్టు ఉద్యోగి. ఆ ఆఫీసులో తిట్లకు తగిన మనిషి ఎప్పుడూ అతనే.

"నువ్వేనా? రేపటి నుంచి రానక్కర్లేదు, ఫో!"

జస్టిన్ కుర్చీలోంచి లేచాడు. ఇంట్లో భార్య స్తుతి, ఇద్దరు పిల్లలు.

"పెట్టింది నేనే సార్. మీరు పెట్టమంటేనే పెట్టిన."

ఆఫీసరుగారు దగ్గారు. "ఆ... అప్పుడేదో వైరస్‌ల గొడవ. బోర్డర్ ఏరియా కదమ్మా, సెక్యూరిటీ కోసం అన్నాను," అన్నారు మహిమతో. "సరేలే. తీసెయ్ జల్దీ!"

"నోటిమాట మీద పెడితే నా మెడకే చుట్టుకున్నది. తీయాలంటే రాసియ్యుండ్రి సార్," అన్నాడు జస్టిన్.

ఆఫీసరుగారికి రాసే అలవాటు లేదు. చదివే అలవాటు అంతకన్నా లేదు. ముప్పై ఏళ్ల సర్వీసంతా వేలు పెట్టి చూపిన చోట సంతకం చేస్తూనే గడిచింది. జస్టిన్ టైపు చేసి తెచ్చాడు. 'సర్వర్‌లో ఆగి ఉన్నవన్నీ వచ్చిన వరసలో పంపుటకు అనుమతించడమైనది.' వేలు పెట్టి చూపించాడు. ఆఫీసరుగారు అప్పుడు ఫోనులో భద్రాచలం టైలరుతో అవార్డు సభకు వేసుకోవాల్సిన కోటు కొలతలు మాట్లాడుతున్నారు. మాట్లాడుతూనే సంతకం చేసి, స్టాంపు కూడా గుద్ది, ఏసీ గదిలోకి వెళ్లిపోయారు.

మహిమ కాపలా తీసేసింది.

"ఆగిన అర్జీలన్నీ ఎక్కడికీ పోలేదు జస్టిన్. రెండు వందల పద్నాలుగు. వరసల నిలబడి ఉన్నయి."

జస్టిన్ బటన్ నొక్కాడు. తెర మీద మొదటిసారి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఒకటి పోయింది. రెండోది పోయింది. అట్లా పోతూనే ఉన్నాయి. నాలుగూ నలభైకి, అన్నిటి చివర, ఆఫీసరుగారి అవార్డు కాగితం కూడా ఖమ్మం చేరింది.

"మీది పోయింది సార్!"

ఆఫీసరుగారి ముఖం చాటంత అయింది. అప్పటికప్పుడు లడ్డూలు తెప్పించారు. మహిమకు రెండు, జస్టిన్‌కి ఒకటి. ఉద్యోగం తీసేసిన సంగతి ఆయన అప్పటికే మర్చిపోయారు. వరండాలో ఉన్న ఎర్రమ్మ చేతిలో కూడా ఒక లడ్డూ పెట్టారు.

"నీ కాయితం దారిలో ఉందమ్మా," అని ఎప్పటి తీపితోనే చెప్పి లోపలికి పోయారు.

జస్టిన్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఆ ముసలామె కళ్లల్లోకి చూడగలిగాడు.

"దారిల లేదు అవ్వా, ఖమ్మం చేరింది. అందరికన్న ముందు నీదే పోయింది. పంపమని సారే సంతకం పెట్టిండు."

ఎర్రమ్మ లడ్డూను నోటిదాకా తీసుకుపోయి ఆగింది. మూసి ఉన్న ఏసీ గది తలుపు వైపు చూసింది.

"మా భూములు మింగిండని ఊరూరోళ్లం గీ సారు మీద పెట్టిన అర్జీలను, గీ సారే సంతకం పెట్టి పంపిండా బిడ్డా?"