కదలని ముల్లు

తెల్లారితే పాతఇనుము వ్యాపారి వచ్చి మా చిన్న మిల్లింగ్ మెషిన్‌ని తూకానికి పట్టుకుపోతాడు. ఇనుము కోసే కట్టర్‌ని తిప్పే స్పిండిల్ వదులై, కోత పెట్టినప్పుడల్లా గడగడ వణుకుతోంది.

"దానికి నూకలు చెల్లాయి, వదిలెయ్," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాను.

జల్లు కొడుతోందని షట్టర్ దించి, మెషిన్ బల్ల మీదే డయల్ గేజ్ బిగించి స్పిండిల్‌కి ఆనించాను; స్పిండిల్ ఎంత ఊగితే దాని ముల్లు అంత ఊగుతుంది. మెషిన్ వెనక అడుగుల చప్పుడైంది.

"ఒరేయ్, అక్కడున్న కర్రతో స్పిండిల్‌ని నెట్టరా," అన్నాను, గేజ్ మీంచి చూపు తిప్పకుండా.

కర్ర కిర్రుమంది. ముల్లు ఊగింది. బేరింగ్ నట్ బిగించి మళ్ళీ నెట్టమన్నాను. ఈసారి తక్కువ ఊగింది. ఇంకాస్త బిగించాను. కర్ర గట్టిగా కిర్రుమన్నా ముల్లు సున్నా మీదే నిలబడింది.

గేజ్ తీసి, మోటార్ వేసి, ఇనప ముక్క మీద కోత పెట్టాను. వణుకు లేదు. మెత్తని హోరు తప్ప చప్పుడే లేదు. ముక్క అద్దంలా తేలింది.

"చూశావురా! రేపు వాడు ఉత్త చేతుల్తో పోవాల్సిందే!" అని అరిచి మోటార్ ఆపాను.

షట్టర్ దబదబా మోగింది.

"అక్కా, తియ్యవే! గ్రీజు డబ్బా తెద్దామని బయటికి రాగానే షట్టర్ దించేశావు. ఇంటికెళ్ళి తెచ్చేసరికి వానలో తడిసి ముద్దయ్యా!"

మెషిన్ వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

పారిపోదామనుకున్నాను. కానీ మోటార్ తిరిగాక స్పిండిల్ మళ్ళీ వదులైందేమో చూడకపోతే రాత్రి పడ్డ కష్టమంతా దండగ. గేజ్ మళ్ళీ ఆనించాను.

"ఇంకొక్కసారి నెట్టు," అన్నాను.

కర్ర కిర్రుమంది. మెషిన్ మొత్తం జానెడు పక్కకి జరిగింది.

ముల్లు మాత్రం సున్నా మీంచి కదల్లేదు.